ఎన్నూరు క్యూలో

దండాయుధం గారు తాళం బల్లమీద పెట్టి
టీ గ్లాసు దాని పక్కకి జరిపాడు.
"నువ్వే తీసుకోప్పా. నాకు చూపు తగ్గిపోతోంది,
పిల్లకాయలకి లారీ అంటే గిట్టదు."
మాధవరం యార్డులో సాయంత్రం.
పక్కన ఎవడో వీలు నట్టు సుత్తితో కొడుతున్నాడు.
ఆ టంగు టంగు మధ్య ఆయన అరవం, నా తెలుగు,
పంతొమ్మిదేళ్ళుగా ఇట్లాగే
సగం సగం అర్థమవుతూ.

పన్నెండు లక్షలు. చేతికి రెండు.
మిగతా పదీ ఫైనాన్సు,
నెలకి ముప్పైనాలుగు వేలు, మూడేళ్ళు.

బండి సంగతి ఆయనకన్నా నాకే ఎక్కువ తెలుసు.
చలికాలం పొద్దున్నే మూడో గేరు అలుగుతుంది.
ఎడమ అద్దం తడ దగ్గర ఒక బస్సు పట్టుకుపోయింది,
ఇప్పుడున్నది వేరే బండిది, కొంచెం అబద్ధం చెబుతుంది.
వెనక డోరు మీద ఆయన కూతురి పేరు తేన్మొళి,
రంగు రాలి, మొళి మాత్రం మిగిలింది.
దీన్ని కొనడమంటే
ఇన్నేళ్ళు కాపురం చేసి
ఇప్పుడు తాళి కట్టినట్టు.

రాత్రి సుగుణావతి చీటీపాట పుస్తకం వెనక అట్టమీద లెక్క వేసింది.
టైర్లు పది, అని రాసింది.
స్టెప్నీ మరిచిపోయావే, అన్నాను. పదకొండు చేసింది.
డీజిలు, టోలు, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు,
బ్రోకరు నోరు.
లోడు దొరకని రోజులు అని రాసి
ఎదురుగా ఏం వెయ్యాలో తెలియక
పెన్ను పళ్ళమధ్య పెట్టుకుంది.
మణలిలో ప్యాకింగు కంపెనీ డ్యూటీ చేసొచ్చిన వేళ్ళు,
వాటికింకా టేపు జిగురు.
"పోలీసులకెంత?"
"సున్నా వెయ్యి, దేవుడున్నాడు," అన్నాను.
చాలాసేపు నవ్వింది. నవ్వి, సున్నా కొట్టేసింది.

సూళ్ళూరుపేట పిచ్చిరెడ్డి కొన్నాడు ఇట్లాగే.
రెండు వాయిదాలు తప్పితే
గుమ్మిడిపూండి దగ్గర నలుగురొచ్చి బండి ఆపారంట.
లుంగీ, స్టవ్వు, సుబ్రహ్మణ్యేశ్వరుడి పటం
దించుకోనిచ్చారంట.
మర్యాదస్తులే.
పటం వాళ్ళే అందించారంట.

జీతం బండికి టైరు పేలితే
ఓనరుకి ఒక ఫోను కొట్టి, చెట్టుకింద పడుకుంటాను.
ఆ నిద్ర ఒక్కటే నా పేరున ఉన్న ఆస్తి.
దాన్నీ తాకట్టు పెట్టాలా?

మరెందుకు ఆశ అంటే
మా అమ్మ పోయినప్పుడు నేను హోస్పేటలో ఉన్నాను.
లోడు దించి రా, అన్నాడు ఆయన.
తప్పు ఆయనది కాదు, ఇనుము ఆగదు.
నేను చేరేసరికి మూడోనాడు.
సొంత బండైతే వదిలేసి వచ్చేవాణ్ణని
ఇన్నేళ్ళూ అనుకున్నాను.
నిన్న లెక్క చూశాక
ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను.

ఇప్పుడు ఎన్నూరు హార్బరు రోడ్డు, రాత్రి రెండున్నర.
ముందర నూటపది బండ్లుంటాయి.
పవర్‌హౌసు చిమ్నీ మీద ఎర్రలైటు మినుకుతోంది,
ఉప్పుగాలి, బూడిదవాసన, దోమలు.
క్యాబిన్‌లో చిన్న ఫ్యాను తిరుగుతోంది,
ఇంజను దాని మానాన అది గురక పెడుతోంది,
ఎప్పుడూ అంతే, ఆయన డీజిలు.
నా చెయ్యి పోయి తాళం తిప్పేసింది.

ఎంత నిశ్శబ్దమంటే
వెనక బండి రేడియోలో పాట ఏదో వినిపించింది.
క్లీనరు యాకోబు చెమటతో లేచి కూర్చున్నాడు.
"ఏందన్నా, ఆపేశావ్? చెడిందా?"

చెడలేదు అని అనబోయాను.
ముందు బండి కదిలింది, ఒక్క లారీ అంత.
మళ్ళీ స్టార్ట్ చేస్తే ఎంత తాగుతుందో,
చెయ్యకపోతే వెనకవాడు దూరతాడో,
తాళం పట్టుకుని కూర్చున్నాను.
వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి.